ఇంట్లో ఆర్గన్ నేర్చుకోవడం: కీబోర్డు నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

బాపట్ల_కీస్

అందరికీ వందనాలు. మాది లూథరన్ సంఘం. చాలాకాలంగా ఆరాధనలో కీబోర్డు వాయిస్తున్నాను. విదేశంలో స్థిరపడిన మా సంఘస్థుల కుటుంబం ఒకటి ఈమధ్య ఒక పాత డిజిటల్ ఆర్గన్ పంపించింది. పైన రెండు మాన్యువల్స్ (చేతులతో వాయించే కీల వరసలు), కింద కాళ్లతో వాయించే పూర్తి పెడల్ బోర్డు. పాస్టర్ అయ్యగారు చూసి "క్రిస్మస్ ఆరాధనకి దీని మీదే వాయించాలి" అనేశారు. నాకు టెన్షన్ అక్కడ మొదలైంది.

కార్డ్స్ పట్టుకుని ఏ పాటకైనా వాయించగలను. నొటేషన్‌లో ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలు) చదువుతాను, బేస్ క్లెఫ్ (కింది స్వరాలు) మాత్రం తడుముకుంటూ. చర్చి తాళం ఆదివారం, శనివారం క్వయర్ ప్రాక్టీసు తప్ప దొరకదు. ఇంట్లో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఒక పాత యమహా పీఎస్‌ఆర్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉన్నాయి. పెడల్స్ లేవు. దగ్గర్లో ఆర్గన్ నేర్పేవాళ్లు ఎవరూ తెలియదు. యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు కానీ ఏది ముందో ఏది వెనకో అర్థం కావట్లేదు. ఏ పుస్తకం, ఏ సైట్, ఏ సాఫ్ట్‌వేర్? ఖర్చు ఇరవై వేలు దాటకపోతే మంచిది.

లష్కర్_ఆర్గనిస్టు

బ్రదర్, ముందు ఏమీ కొనకండి. మీ దగ్గరున్న 61 కీల కీబోర్డు చాలు. చర్చి ఆర్గన్ మాన్యువల్‌కి సాధారణంగా ఉండేదీ అదే ఐదు ఆక్టేవులు. టచ్ రెస్పాన్స్ ఆఫ్ చేసి, సస్టెయిన్ పెడల్ వైరు పీకి అలమారలో పెట్టేయండి. ఆర్గన్‌లో గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. వేలు తీసేదాకా మోగుతుంది, తీస్తే ఆగుతుంది. కీబోర్డు వాయించేవాళ్లకి వచ్చే మొదటి చిక్కు ఇదే.

ఇప్పుడు ఒక హిమ్ (ఆరాధన పాట) తీసుకోండి, నాలుగు గొంతులకీ స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) ఉన్నది. ఓల్డ్ హండ్రెడ్త్ అయితే మేలు. 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలోని రాగం, లయ దాదాపు సమానంగా నడుస్తుంది, పెద్దగా చేతులు చాచాల్సిన పని లేదు. కార్డ్స్ చూసి వాయించొద్దు. సొప్రానో, ఆల్టో, అంటే పై రెండు గొంతులు, కుడిచేతికి. టెనర్ ఎడమచేతికి. బేస్ కాళ్లకి. ఇంట్లో కాళ్లకి పెడల్స్ లేవు కాబట్టి బేస్ పాడండి. నిజంగానే, గొంతెత్తి. ఎడమచేత్తో టెనర్ వాయిస్తూ నోటితో బేస్ పాడటం చూడటానికి తేలిగ్గా ఉంటుంది, చేసి చూడండి.

ఎందుకంటే మన ఎడమచేతికి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు కింది స్వరాన్ని పట్టుకోవడం. ఆర్గన్‌లో ఆ స్వరం కాలికి వెళ్లిపోతుంది. చెయ్యి అక్కడికే పరిగెత్తుతుంది, కాలు కూడా అక్కడికే వస్తుంది, టెనర్ గాల్లో కలిసిపోతుంది. కీబోర్డు నుంచి వచ్చిన వాళ్లందరికీ దెబ్బ తగిలేది ఇక్కడే. బేస్ క్లెఫ్ నెమ్మది అన్నారు కదా, దానికీ మందు ఇదే.

గ్రాండ్‌ఆర్గ్_హైదరాబాద్

లష్కర్ సార్ చెప్పినదానితో ఏకీభవిస్తూనే సాఫ్ట్‌వేర్ సంగతి నేను చెప్తాను. మీకు రూపాయి ఖర్చు లేకుండా రెండు మాన్యువల్స్ ఉన్న ఆర్గన్ ఇంట్లోనే తయారవుతుంది.

గ్రాండ్‌ఆర్గ్ అని ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. నిజమైన పైప్ ఆర్గన్‌లో ఒక్కో గొట్టాన్ని విడివిడిగా రికార్డు చేసిన శాంపిల్ సెట్లను ఇది వాయిస్తుంది. ఇలాంటిదే డబ్బు కట్టి కొనే ప్రోగ్రామ్ హాప్ట్‌వెర్క్. మొదలుపెట్టేవాళ్లకి దాని అవసరం లేదు. గ్రాండ్‌ఆర్గ్‌తో పాటే ఒక డెమో ఆర్గన్ వస్తుంది, ముందు దానితో మీ కేబుళ్లు సరిచూసుకోండి.

రెండు కీబోర్డులనీ రెండంతస్తుల స్టాండ్ మీద పెట్టండి. రెండింటినీ యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలపండి. పీఎస్‌ఆర్ మరీ పాతదై యూఎస్‌బీ లేకపోతే గుండ్రటి మిడి సాకెట్ (ఏ కీ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే తీగ కోసం) ఉందేమో చూడండి, దానికి చిన్న మిడి-యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది. కీబోర్డుల సొంత వాల్యూమ్ సున్నాకి తిప్పేయండి, లేకపోతే పియానో టోన్, పైప్ టోన్ కలిసి గోలగా ఉంటుంది. తెర మీద మాన్యువల్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, ఏ కీబోర్డు నుంచి సిగ్నల్ రావాలో దానికి నేర్పించాలి. కింది మాన్యువల్‌కి ఒక మిడి చానల్, పై మాన్యువల్‌కి ఇంకోటి, పెడల్‌కి మూడోది.

8 జీబీ ర్యామ్‌లో పెద్ద కెథడ్రల్ ఆర్గన్లు ఎక్కవు. శాంపిల్స్ అన్నీ ర్యామ్‌లోకే ఎక్కుతాయి కాబట్టి పల్లెటూరి చర్చిలో ఉండే చిన్న ఆర్గన్ల సెట్లు వెతకండి, 16 బిట్‌లో లోడ్ చేయండి. ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వాయించిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తే విండోస్‌లో ఏఎస్‌ఐఓ అనే సౌండ్ డ్రైవర్ వేసుకుని బఫర్ తగ్గించండి. పది, పదిహేను మిల్లీసెకన్ల లోపు ఉంటే చేతికి తెలియదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు, ఆ ఆలస్యానికి మందు లేదు.

తెనాలి_లెగ్‌హార్మోనియం

చర్చి సంగతులు నాకు తెలియవు గానీ పద్యనాటకాలకి లెగ్ హార్మోనియం వాయించినవాణ్ణి. రెండు కాళ్లతో బెల్లోస్ తొక్కుతూ రెండు చేతులా వాయించడం మాకు కొట్టిన పిండి. మరి ఈ పెడల్స్ కూడా అలాంటివేనా? మా అబ్బాయి ఈ లింకు పంపించి "నాన్నా, నీకు పనికొస్తుంది" అన్నాడు.

లష్కర్_ఆర్గనిస్టు

తెనాలి గారూ, నమస్కారం. పేరు ఒకటే, పని వేరు. మీ కాళ్లు గాలి కొడతాయి, ఆర్గనిస్టు కాళ్లు స్వరం వాయిస్తాయి. పెడల్ బోర్డు అంటే కాళ్ల కోసం చేసిన పెద్ద కీబోర్డు. 30 లేదా 32 మెట్లు ఉంటాయి. గాలి సంగతి మోటార్ చూసుకుంటుంది. డిజిటల్‌లో అయితే గాలే లేదు.

కానీ మీ విద్య ఊరికే పోదు. యూరప్‌లో హార్మోనియం కోసమే రాసిన సంగీతం చాలా ఉంది. సెజార్ ఫ్రాంక్ చివరి రోజుల్లో రాసిన "లార్గనిస్ట్" పేరులో ఆర్గన్ ఉన్నా, అసలు హార్మోనియం కోసం రాసినదే. లూయీ వియెర్న్ రాసిన 24 "పీసెస్ ఆన్ స్టీల్ లీబ్ర్" ఆర్గన్ మీదైనా హార్మోనియం మీదైనా వాయించుకోవచ్చు, రెండే స్టేవులు (స్వరాలు రాసే గీతల వరసలు). పెడల్స్ లేని బాపట్ల తమ్ముడికీ ఇవి పనికొస్తాయి. కాకపోతే వియెర్న్ మొదట్లోనే పట్టుకోవద్దు, అవి అంత తేలిక కాదు.

తెనాలి_లెగ్‌హార్మోనియం

బాగుంది. నొటేషన్ చదవడం రాదు, ఈ వయసులో మొదలుపెడతాను.

లైప్‌జిగ్_తెలుగమ్మాయి

అందరికీ నమస్తే. జర్మనీలో చదువుకుంటూ ఆర్గన్ క్లాసులకి వెళ్తున్నాను. ఇక్కడ పార్ట్‌టైమ్ చర్చి సంగీతకారుల కోసం సి-పరీక్ష అని ఒకటి ఉంటుంది, దానికి తయారవుతున్నాను. బాపట్ల అన్నా, మీరు అడిగిన "ఏది ముందు" అనే ప్రశ్నకే జవాబు ఇస్తాను.

మొదట పెడల్ అవసరం లేని సంగీతం. ఇది తక్కువ రకం అనుకోవద్దు. 18వ శతాబ్దపు ఇంగ్లాండ్‌లో చాలా ఆర్గన్లకి పెడల్స్ లేనే లేవు. జాన్ స్టాన్లీ రాసిన 30 వాలంటరీలు (ఆరాధనలో వాయించే ఆర్గన్ రచనలు) అన్నీ చేతులతోనే వాయించేవి, అంధుడైన ఆయన లండన్ చర్చిల్లో ఆర్గనిస్టు. చాలా వాలంటరీల్లో మొదట ఒక నెమ్మది భాగం ఉంటుంది, అది చాలు మీకు ఆరాధన ముందు వాయించడానికి. పాత నొటేషన్లు దొరికే ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

రెండోది వేళ్లు. కీబోర్డులో సస్టెయిన్ వేసి చెయ్యి ఎత్తి ఇంకోచోట పెడతాం. ఇక్కడ కుదరదు. ఒకే కీ మీద వేలు మార్చడం నేర్చుకోవాలి: మూడో వేలితో నొక్కి, కీ పైకి రాకుండానే ఐదో వేలికి అప్పగించి, మూడో వేలిని తర్వాతి స్వరానికి పంపడం. రోజూ ఒక స్కేల్ ఇలా చేయండి, చాలా నెమ్మదిగా.

ఇక్కడ ఒక తగాదా కూడా ఉంది, వీడియోలు చూస్తే మీకే తగులుతుంది. 19వ శతాబ్దంలో బెల్జియంలో లెమెన్స్, తర్వాత ఫ్రాన్స్‌లో వీడోర్, డ్యుప్రే ఆర్గన్ సంగీతమంతా పూర్తి లెగాటోలో, అంటే స్వరాలని అతికించి వాయించాలన్నారు. డ్యుప్రే పద్ధతిలో ఒకే స్వరం వెంటనే మళ్లీ వస్తే మొదటిదాన్ని సగం విలువకి కత్తిరించాలని లెక్క. ఇప్పుడు బాఖ్‌ని నేర్పే టీచర్లు ఎక్కువమంది స్వరానికీ స్వరానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలంటారు. ఒక వీడియోలో అతికించి వాయించమంటారు, ఇంకో దాంట్లో విడదీయమంటారు. ఇద్దరూ తప్పు కాదు. హిమ్‌కీ, ఫ్రెంచ్ సంగీతానికీ అతికించడం, బాఖ్‌కి విడదీయడం అని ప్రస్తుతానికి పెట్టుకోండి. ఏ పద్ధతిలోనైనా అసలు పని వేలు ఎప్పుడు తీస్తున్నామన్నదే. నొక్కడం గురించి అందరూ మాట్లాడతారు, తీయడం గురించి ఎవరూ మాట్లాడరు.

ప్యాడ్స్_రాజు

అన్నలూ తప్పుగా అనుకోవద్దు. నేను మీటింగులకి వాయిస్తాను. ఇవాళ యూత్‌కి కావాల్సింది ఎస్‌పీడీ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) రిథమ్, ఒక మంచి ప్యాడ్ టోన్, రెండు బెండ్స్. బాఖ్ వాయిస్తే ఎవరు వింటారు? ఎక్స్‌పీఎస్‌లో చర్చ్ ఆర్గన్ టోన్ ఉంది, దాంట్లో నాలుగు కార్డ్స్ పడితే అయిపోయే పనికి ఇంత కష్టమెందుకు?

బాపట్ల_కీస్

రాజు బ్రదర్, నేనూ అదే చేస్తున్నాను ఇన్నాళ్లూ. కానీ పెద్దలు ఆ ఆర్గన్ మీద నేను కార్డ్స్ పట్టినప్పుడు పాటకి ఊపిరి ఆడట్లేదని అన్నారు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

లష్కర్_ఆర్గనిస్టు

ఆడదు. కార్డ్ పట్టుకుని అలా ఉంచేస్తే ఆర్గన్ ఆగదు, జనం ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి? పంక్తి చివర చేతులు ఎత్తాలి. క్వయర్ ఊపిరి తీసుకునే చోట మీరూ తీసుకోండి. జనం పాట నడిపించేది ఆర్గనిస్టు, అందుకే రాజు గారూ, నాలుగు కార్డ్స్‌తో సరిపోదు. మీ ప్యాడ్స్ మీద నాకేం కోపం లేదు, దాని చోటు దానిది.

మోడరేటర్

ఒక మాట. ఈ థ్రెడ్‌లో కొందరు పీడీఎఫ్ లింకులు పెట్టారు, తీసేశాను. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. లెమెన్స్ (1881), ఆర్గన్ పాఠాల పుస్తకం రాసిన స్టెయినర్ (1901), వియెర్న్ (1937) పోయి చాలాకాలమైంది కాబట్టి వాళ్ల పాత ప్రచురణలు వాడుకోవచ్చు. డ్యుప్రే పోయింది 1971లో. ఆయన పద్ధతి పుస్తకం ఇక్కడ పంచుకోవద్దు. బాఖ్ విషయంలో కూడా ఈమధ్య వచ్చిన ఎడిషన్ల స్కాన్లు కాకుండా పాతవే ఇవ్వండి.

డల్లాస్_సిస్టర్

వందనాలు. అమెరికా నుంచి కొన్ని విషయాలు. అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ 1896 నుంచి ఉంది. వాళ్ల పరీక్షల్లో మొదటి మెట్టు సర్వీస్ ప్లేయింగ్ సర్టిఫికెట్: హిమ్స్ వాయించడం, క్వయర్‌కి తోడుగా వాయించడం లాంటివి. పరీక్ష రాయకపోయినా ఆ సిలబస్ చదవండి. చర్చిలో వాయించేవాడికి నిజంగా ఏం రావాలో దాంట్లో వరసగా ఉంటుంది, కచేరీ ఆర్గనిస్టులకి చెప్పేవన్నీ మీకు అక్కర్లేదు.

బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో డాన్ కుక్ తయారుచేసిన ఆర్గన్‌ట్యూటర్ అనే ఆన్‌లైన్ పాఠాలున్నాయి. డబ్బు కట్టాలి. పియానో వచ్చి ఆర్గన్ రానివాళ్ల కోసమే తయారుచేశారు కాబట్టి మీకు సరిగ్గా కుదురుతుంది. కొనేముందు ఉచిత పాఠాలు చూసి మీ ఇంగ్లీషుకి సరిపోతుందో లేదో తేల్చుకోండి.

హిమ్స్ కోసం హిమ్నరీ డాట్ ఆర్గ్. మన తెలుగు కీర్తనల పుస్తకంలో మాటలే ఉంటాయి, స్టాఫ్ నొటేషన్ ఉండదు. ఇంగ్లీషు రాగం మీద పాడే పాట అయితే అసలు ఇంగ్లీషు మొదటి పంక్తితో వెతకండి, రాగం పేరు, నాలుగు గొంతుల నొటేషన్ దొరుకుతుంది. రాగం పేరు పక్కన 8.7.8.7 లాంటి అంకెలుంటాయి. అది ఒక్కో పంక్తిలో ఎన్ని అక్షరాలో చెప్తుంది. అదే కొలత ఉన్న వేరే రాగం కూడా ఆ మాటలకి పట్టించవచ్చు.

ఇంకోటి. ఇక్కడ మా పక్క ఆఫ్రికన్ అమెరికన్ చర్చిలో హామండ్ ఆర్గన్ ఉంది. లారెన్స్ హామండ్ 1935లో తెచ్చింది. స్టాప్స్ (ఏ రకం శబ్దం మోగాలో ఎంచుకునే మీటలు) బదులు డ్రాబార్లు, లాగిన కొద్దీ శబ్దం పెరుగుతుంది. పెడల్స్ 25 మాత్రమే. ఆ వాయింపు వింటే...

మోడరేటర్

హామండ్‌కి వేరే థ్రెడ్ తెరవండి సిస్టర్, నేనే వచ్చి లైక్ కొడతాను.

విశాఖ_అమ్మ

మా అమ్మాయికి పదకొండేళ్లు. పియానో గ్రేడ్లు చేస్తోంది. చర్చిలో ఆర్గన్ చూసి అదే కావాలంటోంది. కాళ్లు పెడల్స్‌కి అందట్లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలి? ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షల బోర్డులు రెండింటికీ ఆర్గన్ గ్రేడ్లు ఉన్నాయట కదా.

లైప్‌జిగ్_తెలుగమ్మాయి

ఉన్నాయండి. రెండు బోర్డుల సిలబస్‌లూ వాళ్ల సైట్లలోనే ఉంటాయి. ట్రినిటీలో "ఎలక్ట్రానిక్ కీబోర్డు" అనే పరీక్ష వేరు, "ఆర్గన్" వేరు, అప్లికేషన్‌లో పొరపాటు పడొద్దు. పాప పియానో ఆపించకండి. పియానోలో మంచి చదువు ఉన్నవాళ్లే ఆర్గన్‌లో త్వరగా ఎదుగుతారు. కాలు అందాలని బల్ల మీద ముందుకి జారితే నడుం, వీపు పాడవుతాయి. కూర్చున్నప్పుడు కాళ్లు పెడల్స్‌ని తాకీ తాకనట్టు ఉండాలి. అందాకా చేతులతో స్టాన్లీ, ఫ్రెస్కోబాల్డీ, పాకెల్బెల్ ఫ్యూగ్స్ (ఒకే పాట ముక్కని గొంతు తర్వాత గొంతు అందుకునే రచనలు) వాయించనివ్వండి.

బాపట్ల_కీస్

ఇప్పుడు పెడల్స్ సంగతి చెప్పండి. మా వడ్రంగి బావ చేసిపెడతానంటున్నాడు. కుదురుతుందా? అలాగే మా చర్చిలో చెప్పులు బయట విడిచి వస్తాం, ఒట్టికాళ్లతో వాయించొచ్చా?

గ్రాండ్‌ఆర్గ్_హైదరాబాద్

కుదురుతుంది. ముందు టేపు పట్టుకుని చర్చికి వెళ్లండి. మీ ఆర్గన్‌కి ఉన్న పెడల్ బోర్డు ఏ రకమో చూడాలి. అమెరికా, ఇంగ్లాండ్‌లో ఎక్కువగా అంచుల వైపు పైకి లేచి, కాలి వైపు నుంచి లోపలికి విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. జర్మనీ, నెదర్లాండ్స్ వైపు చదునుగా, సమాంతరంగా ఉండేవి ఎక్కువ. ఇంట్లో ఒక రకం మీద అలవాటు పడి చర్చిలో ఇంకో రకం మీద కూర్చుంటే కాలు తప్పుతుంది. మీ బావకి చదునైనది చేయడం తేలిక. చర్చిది వంపుది అయితే మాత్రం ఆ కొలతలకే వెళ్లండి.

పక్కపక్క తెల్ల పెడల్స్ మధ్య దూరం, నల్ల పెడల్ ఎత్తు, మధ్య సి నుంచి బల్ల అంచు వరకు దూరం, పెడల్ నుంచి బల్ల పైకి ఎత్తు, కింది మాన్యువల్ ఎత్తు. ఇవన్నీ రాసుకోండి, ఫోటోలు తీసుకోండి.

ఎలక్ట్రానిక్స్ అంత భయపడాల్సినది కాదు. ఒక్కో పెడల్ కింద చిన్న అయస్కాంతం, ఎదురుగా రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి వస్తే పనిచేసేది). 32 స్విచ్‌లకి 32 వైర్లు అక్కర్లేదు. 8 అడ్డం, 4 నిలువు గళ్లుగా కలిపి ప్రతి స్విచ్‌కీ ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెడితే 12 పిన్‌లతో అయిపోతుంది. ఆర్డ్యునో లియోనార్డో లాంటి బోర్డు నేరుగా యూఎస్‌బీ మిడిగా కనిపిస్తుంది. డయోడ్ మానేస్తే మూడు పెడల్స్ నొక్కినప్పుడు నాలుగోది తనంతట మోగుతుంది, కాబట్టి అది మానొద్దు. ఎలక్ట్రానిక్స్ ఖర్చు మీ బడ్జెట్‌లోనే వస్తుంది, కర్ర ఖర్చు మీ బావ దయ.

ఓఎల్‌ఎక్స్‌లో పాత ఇంటి ఆర్గన్లు కనిపిస్తాయి, 13 పెడల్స్ మాత్రమే ఉండేవి. అవి ఎడమకాలు ఒక్కదానికే. మీకు పనికిరావు.

లష్కర్_ఆర్గనిస్టు

ఒట్టికాళ్ల గురించి. మడమతో వాయించాలంటే కొంత మడమ ఎత్తు కావాలి, అరికాలు జారాలి. చెమట పట్టిన పాదం కర్రకి అతుక్కుంటుంది. రబ్బరు సోల్ ఉన్న బూట్లు అంతకంటే దారుణం. పలచటి తోలు సోల్, సుమారు అంగుళం పావు మడమ ఉన్న బూట్లు ఒక జత ఆర్గన్ దగ్గరే ఉంచుకోండి. బయట తొడగని బూట్లు కాబట్టి అయ్యగారికీ అభ్యంతరం ఉండదు. మా చర్చిలో అలాగే ఒప్పుకున్నారు. ఏదీ కుదరకపోతే పలచటి సాక్సు.

పెడల్ గుర్తులు: పైకి మొన ఉన్న గుర్తు కాలి వేళ్లకి, అర్ధవృత్తం మడమకి. స్టేవ్ పైన ఉంటే కుడికాలు, కింద ఉంటే ఎడమకాలు. మోకాళ్లు దగ్గరగా, చూపు పుస్తకం మీద. పెడల్ వెతకడానికి కిందికి చూడొద్దు, నల్ల పెడల్స్ మధ్య ఖాళీలని కాలితో తడిమి పట్టుకోండి.

బోర్డు తయారయ్యేలోపు సాధన వరస ఇలా పెట్టుకోండి. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కాలు మూడు అనుకుంటే ఏడు కలయికలు వస్తాయి. ఒక్కొక్కటీ విడిగా, రెండేసి కలిపి, చివరికి మూడూ. ఎడమచెయ్యి, కాలు జతకి మిగతా వాటికంటే ఎక్కువ టైమ్ ఇవ్వండి. హిమ్‌లో నాలుగు గొంతులనీ విడివిడిగా పట్టుకుంటే పదిహేను కలయికలవుతాయి. ఓపిక ఉన్నవాళ్లు అదీ చేస్తారు.

లైప్‌జిగ్_తెలుగమ్మాయి

పెడల్స్ వచ్చాక బాఖ్ పేరుతో ఉన్న ఎనిమిది చిన్న ప్రెల్యూడ్లు, ఫ్యూగ్‌లు, బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా) అంకెల్లో 553 నుంచి 560 వరకు. అవి బాఖ్ రాసినవేనా అన్నది పండితుల తగాదా. ఎవరు రాసినా చేతికీ కాలికీ మంచివి.

ఆర్గెల్‌బ్యూష్‌లైన్ అనే బాఖ్ పుస్తకం గురించి మాత్రం జాగ్రత్త. బాఖ్ మొదటి పేజీలోనే ఇది మొదలుపెట్టే ఆర్గనిస్టు కోసం, పెడల్ అభ్యాసం కోసం అని రాశాడు. ఆ మాట చూసి కొనేస్తారు. 164 కోరల్స్ (జర్మన్ చర్చి పాటల మీద రచనలు) రాయాలని పేజీలు గీసి పెట్టి 46 పూర్తి చేశాడు, వాటిలో చాలావరకు మనలాంటివాళ్లకి ఏళ్లు పడతాయి. ఒక్కటి, బీడబ్ల్యూవీ 639, మూడు గొంతులే, నెమ్మదిగా నడుస్తుంది. కుడిచెయ్యి పాట, ఎడమచెయ్యి పరుగు, కాలు బేస్. మీరు చేరుకోవాల్సిన గమ్యంగా అది పెట్టుకోండి. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ 2013లో మొదలుపెట్టిన "ఆల్ ఆఫ్ బాఖ్" వీడియోలు ఉచితం. వాటిలో ఆర్గనిస్టు కాళ్లు చూడండి, చేతులు తర్వాత.

ప్యాడ్స్_రాజు

639 విన్నాను. సరే, కొంచెం బాగుంది. కానీ మన కీర్తనలు? పురుషోత్తమ చౌధరి గారి కీర్తనల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. వాటికి మీ నాలుగు గొంతులు ఎలా వాయిస్తారు? అక్కడ మీ జర్మనీ పుస్తకం ఏం చెప్తుంది?

లష్కర్_ఆర్గనిస్టు

మంచి ప్రశ్న. పుస్తకం ఏమీ చెప్పదు, ఇది మనమే చేసుకోవాల్సిన పని. నేను చేసేది చెప్తాను.

కీర్తనకి స్వరస్వరానికీ కార్డ్ మార్చను. పెడల్‌లో 16, 8 అడుగుల మెత్తటి స్టాప్ వేసి షడ్జమం పట్టి ఉంచుతాను, పంచమం చేతిలో. పాట కుడిచేత్తో 8 అడుగుల ఫ్లూట్ మీద. పంచమం లేని రాగం అయితే, ఉదాహరణకి హిందోళం, షడ్జమానికి మధ్యమం జత. అక్కడ అలవాటుగా పంచమం పట్టారంటే రాగం చెడిపోతుంది. మోహనంలో మధ్యమం, నిషాదం లేవు కాబట్టి జి మేజర్ కార్డ్ పూర్తిగా పట్టొద్దు, బి స్వరం రాగంలో లేదు (సి ని షడ్జమం అనుకుంటే). మాయామాళవగౌళలో సి మేజర్, డి ఫ్లాట్ మేజర్ రెండూ రాగం స్వరాలతోనే వస్తాయి, ఆ రెంటి మధ్య ఊగితే చాలా బాగుంటుంది. గమకాలు ఆర్గన్‌లో రావు. వాటిని పాడేవాళ్లకి వదిలేయండి, మీరు పాట గీత మాత్రం పట్టుకోండి.

మైకులో పాడేవాళ్ల శ్రుతి అందకపోతే డిజిటల్ ఆర్గన్‌లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, సిగ్గుపడకుండా వాడండి.

డల్లాస్_సిస్టర్

8 అడుగులు, 16 అడుగులు అంటే కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు. అట్టడుగు సి స్వరానికి తెరిచిన గొట్టం పొడవు సుమారు 8 అడుగులు ఉంటే ఆ స్టాప్ పియానోతో సమానంగా మోగుతుంది. 16 ఒక ఆక్టేవు కింద, 4 ఒక ఆక్టేవు పైన. మీ డిజిటల్ ఆర్గన్ ట్యాబుల మీద ఈ అంకెలే ఉంటాయి. మొదట్లో 8, 4, 2 అడుగుల ప్రిన్సిపల్ (ఆర్గన్ అసలు గొంతు లాంటి స్టాప్) కలిపి హిమ్‌కి. మిక్స్‌చర్ (ఒక్కో కీకి చాలా పై స్వరాలు కలిపి మోగించే స్టాప్) ఒంటరిగా వేయకూడదు, చెవులు కొరికేస్తుంది.

తెనాలి_లెగ్‌హార్మోనియం

లష్కర్ గారూ, హిందోళం మాట నాకు ఠక్కున అర్థమైంది. నాటకంలో కూడా పద్యం ఆగినప్పుడు పంచమం పట్టేసే కుర్రాళ్లని తిట్టినవాణ్ణే. మీరు హైదరాబాద్‌లో కదా, ఒకసారి వచ్చి ఆ పెడల్స్ చూడొచ్చా?

లష్కర్_ఆర్గనిస్టు

తప్పకుండా రండి. శనివారం సాయంత్రం క్వయర్ అయ్యాక అయితే తీరిగ్గా కూర్చోవచ్చు. అడ్రసు ప్రైవేటు మెసేజ్‌లో పంపిస్తాను.

బాపట్ల_కీస్

గ్రాండ్‌ఆర్గ్ పెట్టేశాను, రెండు కీబోర్డులూ పనిచేస్తున్నాయి. కొలతలు తీసుకున్నాను, మాది వంపు ఉన్న పెడల్ బోర్డే. ఓల్డ్ హండ్రెడ్త్ చేతులతో వాయించి, బేస్ పాడి రికార్డు చేసి ఇక్కడ పెట్టాను. వినండి, మొహమాటం లేకుండా చెప్పండి. ఇంట్లోవాళ్లు నేను పాడటం మానేస్తే బాగుంటుందంటున్నారు.

లైప్‌జిగ్_తెలుగమ్మాయి

విన్నాను అన్నా. సొప్రానో బాగుంది, పంక్తి చివర ఊపిరి కూడా బాగుంది. టెనర్‌లో ఒకే స్వరం రెండుసార్లు వచ్చిన చోట మీరు వేలు తీయట్లేదు, ఒకే పొడుగు స్వరంలా వినిపిస్తోంది. ఆ చోట మొదటిదాన్ని సగంలో వదలండి. సొప్రానోలో అదే పని చేసినప్పుడు ఆల్టో కూడా పొరపాటున తెగిపోతోంది, రెండో పంక్తిలో చూడండి. ఆల్టో వేలిని అలాగే ఉంచి సొప్రానో వేలిని మాత్రం ఎత్తాలి.

లష్కర్_ఆర్గనిస్టు

నాకూ అదే వినిపించింది. మూడో పంక్తి టెంపో పెరిగింది, మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి మళ్లీ రికార్డు చేయండి. ఈసారి ఫోను పక్క నుంచి పెట్టండి, ఎడమచేతి వేళ్లు కనబడాలి. బేస్ పాడటం ఆపొద్దు, ఇంట్లోవాళ్లకి నా తరఫున సారీ చెప్పండి.

విశాఖ_అమ్మ

ఆ రికార్డు మా అమ్మాయికి వినిపించాను. "అంకుల్ కంటే నేను టెనర్ బాగా వాయిస్తాను" అంటోంది. తనదీ పెట్టొచ్చా?

మోడరేటర్

పెట్టండి, ఆడియో మాత్రమే. పిల్లల ముఖాలు, స్కూలు పేర్లు వద్దు.